అమ్మ మానేసిన పొడుం

నాకు అక్షరాలు నడుస్తుండగా వచ్చాయి. తొమ్మిదేళ్ళ దాకా ఒకచోట కూర్చుని చదువుకున్న జ్ఞాపకమే లేదు. చెప్పే మనిషి కూర్చుంటే కదా, వినే మనిషి కూర్చునేది.

మా ఊరు గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారికి లోపలగా ఉండేది. బడి వాగు అవతలి ఊళ్ళో. వానాకాలం వాగు పొంగుతుంది, ఎండాకాలం ఆడపిల్ల ఒంటరిగా వాగు దాటకూడదు. రెండూ కలిపితే నేను బడికి పోనక్కర్లేదని ఇంట్లో తేలిపోయింది. అమ్మ మాత్రం చిన్నతనంలో మిషను హాస్టల్లో ఉండి ఐదో తరగతి దాకా చదివింది. ఆ ఐదు తరగతులనే నాకు పంచిపెట్టింది. నాన్న నాపరాయి గనిలో పనిచేసేవాడు, పొద్దు పొడవకముందే వెళ్ళిపోయేవాడు. అమ్మ ఇంటిపని ముగించుకుని కూలికి పోయేది. ఈ రెంటి మధ్యా చదువుకంటూ విడిగా సమయం లేదు. అందుకని వాకిలి ఊడుస్తూ "క" అనేది. చీపురు వెనకాలే నేను "క" అనేదాన్ని. బావి దగ్గర నాపబండ మీద తడివేలితో అక్షరం రాసేది. నేను చూసి పక్కన రాసేలోపు అది ఎండకు ఆరిపోయేది. "చూశావా? చూళ్ళేదా? సరే పద," అని బిందె ఎత్తుకునేది. ఎక్కాలన్నీ చేలోకి పోయే దారిలో వచ్చాయి. పన్నెండో ఎక్కం సగంలో ఉండగా చేను వచ్చేసేది కాబట్టి దాని రెండో సగం నాకు ఇప్పటికీ తడబాటే.

అంత వేగంగా నడిచే ఆడమనిషిని మా పల్లెలో మరొకరిని చూడలేదు. నడకలో తొందర ఉండేది కాదు, అదే విచిత్రం. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, తల కొంచెం ముందుకు వంచి, ఏదో ఇష్టమైన చోటికి వెళ్తున్నట్టు నడిచేది. వెళ్ళేది మిరప చేలోకే. నేను పరుగులాంటి నడకతో ఆమె మడమలు చూసుకుంటూ వెనకాల పోయేదాన్ని. అమ్మ ముఖం కంటే ఆమె వీపూ మడమలూ నాకు బాగా గుర్తు.

ఆ నడకకు ముందు ఒక చిటికెడు పొడుం ఉండేది.

తెల్లవారి కళ్ళు తెరిచిన అమ్మ వేరే మనిషి. కుక్కిమంచం పట్టె మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పడేసుకుని, పిలిచినా పలికేది కాదు. కాసేపటికి బొడ్లో దోపుకున్న రేకు డబ్బా తీసి, మూత మీద వేలితో రెండుసార్లు తట్టి, చిటికెడు ఒక ముక్కులోకి, చిటికెడు రెండో ముక్కులోకి పీల్చేది. తుమ్ము వచ్చేది. "స్తోత్రం ప్రభువా," అనేది. రెండో తుమ్ము. "స్తోత్రం." అంతే, లేచేది. వెనకనుంచి ఎవరో చంకల్లో చేతులు వేసి లేపినట్టు లేచేది. ఇక పొద్దుగూకే దాకా ఆమెను కూర్చోబెట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. మధ్యాహ్నం చేలో అందరూ చెట్టునీడన నడుం వాలిస్తే అమ్మ మరో చిటికెడు పీల్చి సాలు పట్టుకునేది.

"మీ అమ్మని లేపేది కోడి కాదే, పొడుం," అని నాన్న నాతో నవ్వేవాడు.

"మీ నాన్నని లేపాలంటే గడ్డపార కావాలి, అది చెప్పడేం?" అనేది అమ్మ ఆగకుండానే.

ఆ పొడుం చేసేది మా పక్కింటావిడ. వాళ్ళు సాయిబులు; ఆవిడ భర్త రేకుపెట్టెలూ లాంతర్లూ అతికేవాడు. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పొగాకు ఈనెలు తీసేసి, ఆకును పెనం మీద మాడకుండా వేయించి, కొంచెం సున్నం, నాలుగు చుక్కల నెయ్యి వేసి కల్వంలో మెత్తగా నూరేది. మా వీధి ఆడవాళ్ళలో చాలామంది ఆమె చేతి పొడుమే పీల్చేవాళ్ళు. అమ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడు మిరప చేలో కళ్ళు తిరిగి పడిపోతే మొదటి చిటికెడు పెట్టింది కూడా పెద్దమ్మేనట. అంటే పొడుం లేని అమ్మను నేను పుట్టినప్పటినుంచీ ఎరగను. పసితనంలో నడక అనేది ఆ డబ్బాలోనే ఉంటుందని నా నమ్మకం.

నాకు తొమ్మిదో ఏట జ్వరం వచ్చింది. ఎన్నాళ్ళు పడి ఉన్నానో చెప్పలేను. మాచర్ల నుంచి డాక్టరుగారు రెండుసార్లు వచ్చి చూశారని, రెండోసారి నాన్నను బయటికి పిలిచి మాట్లాడారని తర్వాత విన్నాను. ఆ రోజు నాకు ఒక్కటి మాత్రం లీలగా కనిపించింది. అమ్మ నా మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. చేతిలో డబ్బా ఉంది. "ప్రభువా, నా దగ్గర నీకిచ్చేదానికి ఇంకేం లేదు. ఇదొక్కటే నాకిష్టం. నా బిడ్డను లేపు, ఇది జన్మలో ముట్టను," అంది. లేచి వెళ్ళి డబ్బా తెరిచి పొడుమంతా పొయ్యిలో పోసింది. ఇల్లంతా ఘాటు కమ్మింది. జ్వరంలో కూడా నేను తుమ్మాను. ఎవరో "స్తోత్రం" అన్నారు.

నేను లేచాను. అమ్మ పడుకుంది.

అలా రాస్తే ఎవరి మీదో నేరం మోపినట్టుంది, నా ఉద్దేశం అది కాదు. ఈ వయసు దాకా నన్ను నడిపించిన దేవుడికి రోజూ మొదట చెప్పుకునే కృతజ్ఞత ఆ జ్వరం గురించే. కానీ జరిగింది అదే. నా కాళ్ళలోకి బలం వస్తున్నకొద్దీ అమ్మ కాళ్ళు బరువెక్కాయి. మొదట కణతలు పట్టుకుని కూర్చునేది. తర్వాత నిద్ర. పగలు గోడకు జారబడి, చేతిలో చీపురు చేతిలోనే ఉండగా కునుకు పట్టేది. ఎన్నడూ లేనిది నాన్న మీద విసుక్కునేది, వెంటనే ఏడ్చేది. నీళ్ళకు వెళ్తే బిందెను దారిలో రెండు చోట్ల దించేది. చదువు ఆగిపోయింది. "అమ్మా, తర్వాతది చెప్పు," అంటే, "చెప్తాలేవే, కాస్త ఆగు," అనేది. ఆ ఆగడం పొద్దుగూకేదాకా ఉండేది.

చేలో ఇంకా కష్టమైంది. మిరపకాయల కోతకు ఒక్కొక్కరికి ఒక్కొక్క సాలు ఇస్తారు. తన సాలు ముందుగా కోసి, వెనకబడినవాళ్ళ సాలుకు ఎదురొచ్చి సాయం చేయడం అమ్మ అలవాటు. ఇప్పుడు అందరూ గట్టు చేరి చూస్తుంటే అమ్మ ఒక్కతే చేను మధ్యలో ఉండేది. కూలీల ముఠాను నడిపే పెద్దావిడ రెండు వారాలు ఓర్చుకుని చివరికి అనేసింది.

"ఏమ్మా, నీ సాలు రోజూ ఎవురో ఒకరు కొయ్యాల్సి వస్తంది. మిగతావాళ్ళు నన్ను తిడతన్నారు. రేపట్నించీ రెండ్రోజులు చూస్తా. కాకపోతే నువ్వే ఇంటికాడ ఉండు."

"ఓపిక రావట్లేదు అక్కా. వచ్చిద్ది."

"ఎప్పుడొచ్చిద్ది? కోతలయిపోయినాకా?"

ఇంటికి బయల్దేరాం. నేను ఆమె పక్కనే నడుస్తున్నాను. పక్కనే. అలా ఎన్నడూ నడవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె కూలి పోతుందని కాదు. ఆ వయసులో కూలి సంగతి నాకేం తెలుసు. నా అమ్మ నాకు ముందు ఉండాలి. అంతే నాకు కావలసింది.

మర్నాడు పెద్దమ్మ గుమ్మంలో నిలబడ్డాను.

"పెద్దమ్మా, కొంచెం పొడుం పెట్టవా?"

ఆమె కల్వంలోంచి తలెత్తింది. "ఎవురికే? మీ అమ్మ మానేసిందిగా? దేవుడికి చెప్పి మరీ మానేసిందంట. మీ దేవుడికి నా పొడుం వాసన పడలేదా ఏంది?"

"అమ్మకి కాదు. అమ్మకి పళ్ళనొప్పి," అన్నాను. ఒకే ఊపిరిలో ఔననీ కాదనీ చెప్పిన నన్ను చూసి ఆమె నవ్వింది.

"పళ్ళనొప్పికా! అట్టయితే ముక్కుతో పనేముంది? బొగ్గుపొడిలో కలిపి రుద్దుకోమను. పొద్దున రుద్దితే మాపటికి నొప్పి పారిపోద్ది," అని మోదుగాకులో పొట్లం కట్టి ఇచ్చింది.

నేను ఆలోచించుకుని వెళ్ళిన ఉపాయం కాదది. నా అబద్ధానికి ఆమె చెప్పిన మందు. మా ఇంట్లో పళ్ళపొడి నూరే పని నాదే: బొగ్గు, ఉప్పు, రెండు మిరియాలు. ఆ రోజు డబ్బాలోదంతా మళ్ళీ నూరాను. పొడుం కలిపాక రంగు మారలేదు. అదే నాకు దేవుడిచ్చిన అనుమతి అనుకున్నాను.

మర్నాడు అమ్మ వేలితో పళ్ళు రుద్దుకుంటూ ఒక్క క్షణం ఆగింది.

"ఏందే ఇది, మండతా ఉంది?"

"మిరియాలు ఎక్కువ పడ్డాయమ్మా."

ఏళ్ళ తరబడి పొడుం పీల్చిన ముక్కు మొద్దుబారి ఉండాలి. ఆమె ఇంకేం అడగలేదు. నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. పుక్కిలించింది. మొహం కడుక్కుంది. మంచం మీద కూర్చుంది. కాసేపటికి ఆమె మెడ నిటారుగా అయింది. చుట్టూ చూసింది, ఎవరో పిలిచినట్టు. "ఈ వాకిలేంది ఇట్టా ఉంది?" అని లేచి చీపురు అందుకుంది.

ఆ తర్వాతి పది రోజులంత సంతోషం నా చిన్నతనంలో మళ్ళీ లేదు. అమ్మ ముందు, నేను వెనక. గుణింతాలు అయిపోయి ఒత్తులు మొదలయ్యాయి. చేలో ఆమె సాలు అందరికంటే ముందు తేలింది. ముఠా పెద్దావిడ గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని, "ఏందమ్మా, రాత్రికి రాత్రి కాళ్ళు మార్చుకున్నావా?" అంది. అమ్మ నవ్వి, "మార్చినాయన వేరే ఉన్నాడులే అక్కా," అని పైకి చూపించింది.

ఆ మాట విన్నప్పుడే నాకు భయం పుట్టి ఉండాలి. పుట్టలేదు. ఆమె నడుస్తోంది కదా.

ఆదివారం వచ్చింది. మాది నాపరాళ్ళ కప్పు వేసిన చిన్న గుడి. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు కింద కూర్చునేవాళ్ళు. పాటలయ్యాక, వాక్యం చెప్పబోయే ముందు, దేవుడు తమకు చేసిన మేలును లేచి చెప్పుకోవడం మా ఆచారం. సాక్ష్యం అంటాం. అమ్మ తలమీద కొంగు సర్దుకుని లేచింది. అంతకు ముందెన్నడూ లేవని మనిషి.

"ఈ పొడుం నన్ను పదేళ్ళ పైగా లేపింది. నా బిడ్డ కోసరం మానేశాక ఒళ్ళు బండైపోయింది. ఇంక ఇంతేలే అనుకున్నా. ఈ వారం రోజుల్నించీ ఆయనే నా చెయ్యిపట్టుకుని లేపతన్నాడు. పొడుం లేదు, ఆకు లేదు. నిన్న నా సాలు అయిపోయాక ఇంకో ఇద్దరి సాళ్ళు కోశా. నన్ను చూసి ఎవురన్నా మానుకోవాలనుకుంటే మానుకోండి. బలం ఆయనిస్తాడు."

అందరూ స్తోత్రం అన్నారు. వాక్యం చెప్పే అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడే, ఆ క్షణంలోనే, మా మేనత్త లేచి తన పొడుం డబ్బా తీసుకెళ్ళి అయ్యగారి ముందు పెట్టింది. ఆమె వెనకాలే ముఠా పెద్దావిడ కూడా పెట్టింది. నేను అమ్మ కొంగు పట్టుకుని కూర్చున్నాను.

రెండు రోజులు ఎలాగో గడిచాయి. మూడో రోజు ముఠా పెద్దావిడ చేలోకి రాలేదు. పిలిచేవాళ్ళు లేక సగంమంది ఇళ్ళలోనే ఉండిపోయారు. ఆ మధ్యాహ్నం మేనత్త తలకు గుడ్డ బిగించుకుని మా ఇంటికి వచ్చి అరుగు మీద పడిపోయింది.

"వదినా, నా తలలో ఎవురో రోకలేసి దంచుతున్నారు. కాళ్ళు లేస్తంటే లేవట్లేదు. నీకు ఎన్నాళ్ళకి తగ్గింది?"

అమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. "ఓర్చుకో. నాకొచ్చిన బలమే నీకూ వచ్చిద్ది. నాకు అబద్ధమాడే పనేముంది చెప్పు?" అని నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. మేనత్త ఒక బిడ్డలా ఆ మాట నమ్మి కళ్ళు మూసుకుంది.

నేను గుంజ వెనకాల నిలబడి ఉన్నాను. అమ్మ ఎంత నిజంగా చెప్పిందో చూశాను. మేనత్త వెళ్ళేదాకా ఆగాను. ఆమె మలుపు తిరగ్గానే పళ్ళపొడి డబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"దీంట్లో పొడుం ఉందమ్మా."

అమ్మకు అర్థం కాలేదు. "దేంట్లో?"

"నేనే కలిపాను. పెద్దమ్మ దగ్గర అబద్ధం చెప్పి తెచ్చాను. నువ్వు నడవాలని."

ఆమె తడివేలు అద్ది నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ తెలియని రుచి, తెలిసిన తర్వాత ఒక్క అద్దుకే తెలిసిపోయింది. నేను దెబ్బ కోసం ఎదురుచూశాను. అమ్మ లేచి వచ్చి నా నుదురు పట్టుకు చూసింది. తర్వాత మెడ. తర్వాత రవిక కిందుగా చెయ్యి పెట్టి వీపు.

"ఒళ్ళు వెచ్చగా ఉందా నీకు? నిజం చెప్పు. తల నొస్తందా?"

"లేదమ్మా."

మళ్ళీ నుదురు ముట్టుకుంది. నా ప్రాణం కోసం దేవుడికి ఇచ్చిన మాట తన నోట్లోనే తప్పిపోయింది, అదీ నా చేత్తోనే. జ్వరం మళ్ళీ వస్తుందేమోనని వెతుకుతోంది. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. నేను కలిపింది ఆమె కాళ్ళ బలం కోసం. నా ప్రాణానికి ఆమె కట్టుకున్న కట్టు విప్పుతున్నానని నాకు తట్టనేలేదు. ఆ వారమంతా అమ్మ పదిసార్లు నా ఒళ్ళు పట్టుకు చూసింది. జ్వరం రాలేదు. రానివ్వని దేవుడికి స్తోత్రం.

పళ్ళపొడిని పెంటకుప్పలో కలిపేసింది. ఒక్క మాట తిట్టలేదు. రెండో రోజుకే కాళ్ళు మళ్ళీ బరువెక్కాయి. ఆదివారం గుడికి నడుస్తూ రెండుచోట్ల ఆగింది.

సాక్ష్యం వేళ లేచి నిలబడింది. నేనూ లేవబోయాను. నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా కిందికి నొక్కింది.

"పోయిన ఆదివారం నేను చెప్పింది నిజం కాదు. నా నోట్లోకి పొగాకు పోయింది. ఆ బలం దానిదే. దేవుడి పేరు చెప్పినందుకు ఆయన్ని క్షమాపణ అడిగా. నన్ను చూసి మానుకున్నోళ్ళనీ అడగతన్నా."

ఎలా పోయిందని ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేకుండానే తేల్చుకున్నారు. చాటుగా నములుతూ సాక్ష్యం చెప్పిందని. బయట చెప్పుల దగ్గర ముఠా పెద్దావిడ ముఖం తిప్పుకుంది. మేనత్త మాత్రం తలగుడ్డ ఊడదీసి, "ముందే చెప్పుంటే నా తలకాయ నాకు మిగిలేదిగా వదినా! నాలుగు రోజులు చచ్చి బతికా," అని తిన్నగా పెద్దమ్మ ఇంటివైపు నడిచింది. ఆమె నడుస్తుంటే చూసి అమ్మ నవ్వింది.

ఇంటికొచ్చాక అడిగాను. "నేను చేశానని చెప్పొచ్చుగా?"

"నువ్వు ఆయన లేపిన బిడ్డవి. ఆ తప్పులో నీ పేరు తేను," అంది.

ఆ నింద ఆమె మీద చాలా కాలం ఉంది. నేను పెద్దదాన్నయ్యాక ఒకరిద్దరికి నిజం చెప్పాను. "ఆ, తల్లిని వెనకేసుకొస్తందిలే," అన్నారు.

ఆ ఏడు అమ్మ దూరపు చేలకు వెళ్ళలేదు. ఇంటికి దగ్గరున్న చేలో పత్తి ఏరేది, సాయంత్రాలు అరుగు మీద కూర్చునేది. చదువు మళ్ళీ మొదలైంది, ఈసారి కూర్చుని. ఒప్పుకోవాలి, కూర్చున్న అమ్మ దగ్గరే నాకు చదువు నిలకడగా వచ్చింది. పదం పక్కన పదం పెట్టి చదవడం, తప్పు చదివితే వెనక్కి వెళ్ళడం, ఉత్తరం రాయడం. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ అరుగు చలవే. నెలలు గడిచేకొద్దీ ఆమెకు నిద్రమత్తు తగ్గింది, విసుగు పోయింది. అందరిలాగే నడిచేది. అందరిలాగే. రక్తం తక్కువై ఉంటుందని ఇప్పటి డాక్టర్లు అనవచ్చు. నాకు తెలియదు. ఆ పాత నడక ఆమె సొంతమా, పొగాకు ఇచ్చిందా అని ఎన్నోసార్లు తర్కించుకున్నాను. పొగాకుదే అయితే నేను ఇంతగా బెంగపెట్టుకున్నది ఒక ఆకు మీదనా? అలా అనుకోబుద్ధి కాదు. పొగాకు పీల్చినవాళ్ళు మా వీధిలో ఎంతమంది లేరు, అలా ఎవరు నడిచారు?

పన్నెండేళ్ళు తిరిగాక నా పెళ్ళయింది. మా ఆయనకు కాలవల శాఖలో ఉద్యోగం. విజయపురి సౌత్‌లో రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. డ్యాం పనులు ఇంకా సాగుతున్న రోజులు. అమ్మ మాచర్లలో బస్సు ఎక్కి ఒక్కతే నన్ను చూడటానికి వచ్చింది. అలా రావడం అదొక్కసారే. తర్వాత రెండేళ్ళకే దేవుడు ఆమెను పిలుచుకున్నాడు.

బస్సు దిగి క్వార్టరు దాకా రావడానికే ఆమెకు ఆయాసం వచ్చింది. నేను చిక్కగా టీ పెట్టి ఇచ్చాను. మా ఊళ్ళో టీ కొట్టు వచ్చినా ఆడవాళ్ళకు తాగే అలవాటు లేదు, ఆమె అంతకు ముందు రుచి చూడలేదు. ఊదుకుంటూ గ్లాసు ఖాళీ చేసింది. నేను కూరకు తరుగుతున్నాను. తలెత్తి చూస్తే అమ్మ గిన్నెలు తోమేసింది. ఆ తర్వాత పెరడు ఊడ్చింది. తర్వాత నిచ్చెన అడిగింది, అటక దులపడానికి.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ టీ గ్లాసు చేతికిచ్చాను. తాగలేదు. నా ముఖంలోకి చూసింది.

"ఏమే, నిన్న నేను లేచింది దేనివల్ల?"

ఆ చూపు నాకు తెలుసు. "టీ వల్లేనమ్మా. ఒంటిని లేపే గుణం దీనికీ ఉంది. పొగాకు కాదు గానీ, ఆ పని ఇదీ చేస్తుంది. నీకు నిన్ననే చెప్పాల్సింది."

"పొగాకు లేదుగా?"

"లేదు. ఒట్టు."

"ఒట్టెయ్యబాకు," అని గ్లాసు గచ్చు మీద పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఇది టీ. దీంట్లో పొగాకు లేదంట. ఒంటిని లేపుద్దంట. ఈసారి నా బిడ్డ ముందే చెప్పింది. నేను నీకిచ్చిన మాట పొడుం మాట. ఇదీ వద్దనుకుంటే చెప్పు, ఇక్కడే వదిలేస్తా." అలాగే ఉండిపోయింది. టీ మీద మీగడ కట్టింది. నేను కదల్లేదు. ఆమె తాగకూడదని ఆయన చెబితే సరే అనుకున్నాను. చెప్పకూడదని కూడా ప్రార్థించాను. ఆ ప్రార్థనకు ఇప్పటికీ సిగ్గుపడటం లేదు.

కళ్ళు తెరిచింది. "ఏం చెప్పలేదు," అంది. ఒక్క గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఆయన సంగతేమో గానీ, చల్లారిపోయింది."

పూర్తిగా తాగింది. కాసేపు కూర్చుంది. చేతులు మోకాళ్ళ మీద ఆనించి లేచింది.

"డ్యాం యాడుంది? చూద్దాం పద."

"ఎండ తగ్గాక పోదామమ్మా."

"ఎండకేం, మనల్ని తినుద్దా?"

నేను తలుపు గొళ్ళెం పెట్టేసరికి ఆమె వీధి మలుపు దాటింది. రోడ్డు ఎత్తుకు ఎక్కుతుంది అక్కడ. ఒక పక్క కొండరాళ్ళు, ఒక పక్క లోతున కృష్ణ. కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. తల కొంచెం ముందుకు వంచి, ఏదో ఇష్టమైన చోటికి వెళ్తున్నట్టు నడుస్తోంది. నెరిసిన జుట్టు ముడి మెడ మీద కదులుతోంది. నాకు అప్పుడు నిండా ఇరవై రెండేళ్ళు, నాలుగు అంగల్లో అందుకోగలను. అందుకోలేదు. నా నడకే తగ్గించుకున్నాను. ఎండలో ఆ వీపు, ఆ మడమలు నా ముందు పోతున్నాయి, నేను చూసుకుంటూ వెనకాల నడిచాను.